వైడాల్ పాజిటివ్, మూడు రోజులుగా ఇంజెక్షన్లు, జ్వరం మాత్రం తగ్గడం లేదు

పాలేరు_కాలువ
మా మేనమామ కోసం అడుగుతున్నాను. ఖమ్మం జిల్లా, మిర్చి, మొక్కజొన్న వేస్తారు. వారం దాటింది జ్వరం మొదలై. చలి, తలనొప్పి, ఒళ్లంతా నలగ్గొట్టినట్టు నొప్పులు. ఊళ్లో చూసే ఆర్‌ఎంపీ గారు మండల కేంద్రంలో రక్తపరీక్ష చేయించారు. మలేరియా లేదు, డెంగ్యూ లేదు. టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష దగ్గర ‘ఓ 1:160, హెచ్ 1:80, పాజిటివ్’ అని ఉంది. ప్లేట్‌లెట్లు తొంభై వేలు. టైఫాయిడ్ అని చెప్పి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు చేస్తున్నారు, మధ్యలో సెలైన్. ఇవాళ్టికి మూడో రోజు. జ్వరం 103 దగ్గరే కదలకుండా ఉంది. ఇప్పుడు ‘ఇంకా పెద్ద మందు’ వేద్దామంటున్నారట. నేను హైదరాబాదులో ఉన్నాను. ఇది నిజంగా టైఫాయిడేనా? పెద్ద మందు అంటే ఏమిటి?

ఎందుకలా
మా వైపు జ్వరం వచ్చిన ప్రతివాడికీ టైఫాయిడే. వైడాల్ నెగెటివ్ వచ్చిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

సూక్ష్మదర్శిని
పాలేరు_కాలువ గారూ, నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాను. ఇక్కడ కూర్చుని మందు చెప్పడం నా పని కాదు, ఎవరు చెప్పినా మీరు వినకండి. ఆ రిపోర్టు గురించి మాత్రం చెప్పగలను.

వైడాల్ 1896 నాటి పరీక్ష. అది క్రిమిని వెతకదు. క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. అవి ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్ల ఉండవచ్చు, టీకా వల్ల ఉండవచ్చు, అదే కుటుంబానికి చెందిన వేరే సాల్మొనెల్లా వల్ల ఉండవచ్చు, మలేరియాలో కూడా పెరగవచ్చు. ఇంటికి వచ్చి వెళ్లిన చుట్టాల పేర్ల పుస్తకం చూసి, ఇప్పుడు లోపల ఎవరున్నారో చెప్పమన్నట్టు ఉంటుంది. మన ఊళ్ల నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో 1:80 (అంటే రక్తాన్ని ఎనభై రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు కనిపించాయని), ఒక్కోసారి 1:160 కూడా ఏ జ్వరమూ లేకుండానే కనిపిస్తాయి. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు దానికి కొంత అర్థం. ఆ రెండోసారి ఎవరూ చేయించరు.

టైఫాయిడ్ అని తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడడం. అన్నీ సక్రమంగా చేసినా నూటికి నలభై నుంచి అరవై మందిలోనే క్రిమి దొరుకుతుంది. అదీ యాంటీబయాటిక్ ఒంట్లో పడకముందు రక్తం తీస్తే. మీ మామయ్యకు ఇప్పటికే మూడు రోజుల మందు పడింది.

ఒక్క పని మాత్రం ఈ రాత్రే చేయించండి. ఇంట్లో ఎవరైనా మంచి వెలుతురులో ఆయన ఒళ్లంతా చూడాలి. చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనక, తొడల లోపలి వైపు. సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి చెప్పడు. మిర్చి చేలో, గడ్డిలో తిరిగే మనిషి, వారం జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు తగ్గడం, సెఫ్ట్రయాక్సోన్‌కు లొంగకపోవడం. ఇవన్నీ చూస్తే నాకు స్క్రబ్ టైఫస్ అనుమానం. గడ్డిలోని సన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది, కుట్టిన చోట పడేదే ఆ మచ్చ. ఆ క్రిమి మీద సెఫ్ట్రయాక్సోన్ పనిచేయదు. పెద్ద మోతాదు వేసినా చేయదు, ‘ఇంకా పెద్ద మందు’ మెరోపెనెమ్ వేసినా చేయదు. రెండూ ఒకే జాతి మందులు.

పిల్లల_డాక్టర్
పై మాటకు ఒకటి జోడిస్తాను. మచ్చ కనిపించినా కనిపించకపోయినా రేపు ఫిజీషియన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం, మగత, మాట తడబడడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది ఉన్నా రేపటి దాకా ఆగకండి. స్క్రబ్ టైఫస్ ఆలస్యమైతే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, మెదడును పట్టుకుంటుంది.

గ్రామవైద్యం
అందరూ ఆర్‌ఎంపీని తిట్టడానికి సిద్ధంగా ఉన్నట్టున్నారు కాబట్టి నేనూ ఒక మాట చెబుతాను. నేను అదే పని చేస్తున్నాను, జిల్లా వేరు. రాత్రి పదింటికి జ్వరంతో వణికే మనిషిని తీసుకొస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ వేళకు తాళం. కూలికి వెళ్లకపోతే ఇల్లు గడవని మనిషి ‘రేపటికి లేవాలి, సూది వేయండి’ అంటాడు. కల్చర్ రాస్తే నాలుగు రోజులు ఆగాలి, పట్నం పంపాలి. నేను సూది వేయకపోతే పక్క వీధికి వెళ్లి వేయించుకుంటాడు, నాకు చేతకాదని ఊరంతా చెబుతాడు. మీ మాటలు పుస్తకంలో బాగానే ఉంటాయి.

ఎందుకలా
అందుకని తెలియని జ్వరానికి తెలియని మందు వేస్తారా?

గ్రామవైద్యం
మీ ఊళ్లో రాత్రి పదింటికి తలుపు తీసే ఎంబీబీఎస్ ఉంటే ఆయన పేరు చెప్పండి, నేనే పంపుతాను.

నిర్వాహకుడు
వ్యక్తుల మీదికి వెళ్లకండి. చర్చ జ్వరం గురించి, మందుల గురించి.

సూక్ష్మదర్శిని
గ్రామవైద్యం గారి ఇబ్బంది నిజమైనదే. కానీ ఆయన చెప్పిన ‘రేపటికి లేవాలి’ దగ్గరే చిక్కు ఉంది. అసలైన టైఫాయిడ్‌కు సరైన మందు సరైన మోతాదులో వేసినా జ్వరం దిగడానికి మామూలుగా నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రెండో రోజు దిగలేదని మందు మార్చడం, మూడో రోజు ఇంకొకటి కలపడం మన దగ్గర రివాజు అయిపోయింది. చివరికి ఏ మందుతో తగ్గిందో ఎవరికీ తెలియదు, మూడు మందుల రుచి మాత్రం కడుపులోని లక్షల కోట్ల బాక్టీరియాకు తెలిసిపోతుంది. రోగం కలిగించిన క్రిమి ఒక్కటే కాదు, పేగుల్లో ఊరికే బతుకుతున్న ఈ-కోలై, క్లెబ్సియెల్లా కూడా ఆ మందుల్లో తడుస్తాయి. తట్టుకున్నవి మిగులుతాయి. ఆ మనిషికే ఆరు నెలల తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు బయటపడుతుంది సంగతి.

ఇది ఎక్కడికి దారితీస్తుందో చూడాలంటే సింధ్‌లోని హైదరాబాదును చూడాలి, మన హైదరాబాదు కాదు. పాకిస్తాన్‌లోని ఆ ఊళ్లో 2016లో కొత్త రకం టైఫాయిడ్ మొదలైంది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ అనే పాత మూడు మందులతో పాటు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి, సెఫ్ట్రయాక్సోన్ జాతి కూడా పనిచేయలేదు. నోటి ద్వారా ఇవ్వడానికి అజిత్రోమైసిన్ ఒక్కటి, ఇంజెక్షన్లలో మెరోపెనెమ్ జాతి మిగిలాయి. నీటి గొట్టాల్లో మురుగు కలిసే ఊళ్లలో అది కరాచీ దాకా పాకింది. దాన్ని అడ్డుకోవడానికి వాడిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మాత్రం మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019లో పాకిస్తాన్ ఆ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. ఒక హైదరాబాదు రోగానికి ఇంకో హైదరాబాదు టీకా.

పిల్లల_డాక్టర్
అదే టీకాను ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆరు నెలలు దాటిన పిల్లలకు వేస్తున్నాం, ఒక్క డోసు. కొనగలిగిన వాళ్లు వేయిస్తున్నారు. ఇంట్లో ప్రతి ఏడాదీ ‘టైఫాయిడ్’ ఇంజెక్షన్లకు పెట్టే ఖర్చు లెక్కవేసుకుంటే ఇదే చవక.

పాలేరు_కాలువ
సూక్ష్మదర్శిని గారూ, మీకు దణ్ణం పెట్టాలి. మా అత్తయ్య టార్చి లైటు వేసి చూసింది. మొలతాడు కట్టుకునే చోట, తాడు కిందే ఉంది మచ్చ. వేలి గోరంత, నల్లగా. తాడు ఒరుసుకుని పుండు పడిందనుకుని ఆయనే పట్టించుకోలేదట. తెల్లవారుజామునే ఖమ్మం తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు గారు మచ్చ చూడగానే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, స్క్రబ్ టైఫస్ అవునో కాదో తేల్చే ఐజీఎం పరీక్షకు రక్తం పంపారు. నిన్న సాయంత్రానికి జ్వరం విడిచింది. ఇప్పుడు ఇడ్లీ అడుగుతున్నాడు. డాక్సీసైక్లిన్ ధర చూసి మావాళ్లకు నమ్మకం కలగలేదు, ‘ఇంత చవక మందా’ అన్నారు.

సూక్ష్మదర్శిని
చాలా సంతోషం. ఫలితం వచ్చినా రాకపోయినా డాక్టరు గారు చెప్పినన్ని రోజులు వేయించండి. అది మనిషి నుంచి మనిషికి అంటదు, ఇంట్లో వాళ్లు భయపడనక్కరలేదు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. చేలో నేల మీద నేరుగా పడుకోకుండా ఉంటే, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మారిస్తే చాలావరకు తప్పుతుంది.

ఇంకో మాట. ఈ కథ చదివిన వాళ్లు రేపటి నుంచి ప్రతి జ్వరానికీ డాక్సీసైక్లిన్ మింగడం మొదలుపెట్టకండి. మన వాళ్ల సంగతి నాకు తెలుసు.

మందుల_దుకాణం
మొదలుపెట్టేశారు మేడం. ఇవాళ పొద్దున ఇద్దరు అడిగారు. (నవ్వులాటకు కాదు, నిజంగానే.)

మాది పట్టణంలో చిన్న మందుల షాపు, నేను బీఫార్మసీ చదివాను. మా మీద పడే నిందలకు నా వైపు మాట కూడా వినండి. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్, మెరోపెనెమ్, లీవోఫ్లాక్సాసిన్, టీబీ మందులు, అన్నీ కలిపి మొదట 46 మందులు అందులో పెట్టారు. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. నేను రాస్తాను. నా పక్క షాపు వాడు రాయడు. అజిత్రోమైసిన్ అందులో లేదు, మామూలు షెడ్యూల్ హెచ్‌లో ఉంది. దానికీ చీటీ కావాలి, రిజిస్టరు మాత్రం అక్కర్లేదు. అందుకే అందరూ దాని మీద పడ్డారు. ‘మూడు రోజుల మాత్ర’ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. జలుబుకు అడుగుతారు, గొంతునొప్పికి అడుగుతారు. సింధ్‌లో ఆఖరికి మిగిలిన మాత్ర అదేనని ఇప్పుడు చదివాక నాకు అసలు నిద్ర పట్టదు.

అడిగే తీరు ఎలా ఉంటుందో చెప్పనా? కౌంటరు మీద పాత స్ట్రిప్ అట్ట పెడతారు, పేరు సగం చిరిగి ఉంటుంది. ‘ఇదే ఇవ్వండి, రెండు చాలు.’ చీటీ ఏది అంటే ‘పోయినసారి ఇచ్చారుగా’. ఆరు మాత్రల స్ట్రిప్‌లో రెండు కత్తిరించి ఇచ్చే కత్తెర ప్రతి షాపులో ఉంది. అట్ట మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా వాడకూడదని గుర్తు. కత్తెర వేస్తే ఒక్కోసారి గీత ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి.

లీడ్స్_నర్సమ్మ
నేను ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నాను, మాది కాకినాడ. ఇక్కడికి వచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ జాడీ పక్కనే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ స్ట్రిప్పులు ఉంటాయి. ‘ఇక్కడి డాక్టర్లు పారాసిటమాల్ తప్ప ఏమీ ఇవ్వరు’ అని వాళ్ల ఫిర్యాదు. ఇవ్వకపోవడం వల్లే ఇక్కడ చవక మందులు ఇంకా పనిచేస్తున్నాయని చెబితే నా మీద కోపం.

మందుల_దుకాణం గారూ, మీకు ఒక విషయం నచ్చుతుంది. 2024 జనవరి నుంచి ఇంగ్లండులో ఫార్మసిస్టులే ఏడు రకాల చిన్న జబ్బులకు నేరుగా వైద్యం చేయవచ్చు. అందులో ఆడవాళ్లకు వచ్చే మామూలు మూత్రం మంట కూడా ఉంది. కానీ దానికి గీత గీసిన పద్ధతి ఉంది. 16 నుంచి 64 ఏళ్ల లోపు ఆడవాళ్లకే, గర్భిణులకు కాదు, జ్వరం, నడుము నొప్పి ఉంటే కాదు. ఈ ప్రశ్నలన్నీ అడిగాకే నైట్రోఫ్యూరంటాయిన్ మూడు రోజులు. అంటే ఫార్మసిస్టు చేతిలో మందు ఉండడం తప్పు కాదు, అడగకుండా ఇవ్వడమే తప్పు.

మందుల_దుకాణం
చదువుకున్న ఫార్మసిస్టు షాపులో కూర్చుంటే మంచి పద్ధతే. మన దగ్గర సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మనిషి వేరే ఊళ్లో ఉంటాడు. కేరళలో 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో చీటీ లేకుండా అమ్మే షాపుల మీద తనిఖీలు చేశారు, జనమే ఫిర్యాదు చేసే వీలు కల్పించారు. అలా అన్ని షాపులకూ ఒకేలా అమలు చేస్తే నాలాంటి వాడికి మేలు. నేనొక్కడినే నియమం పాటిస్తే నా గిరాకీ పక్క షాపుకు పోవడం తప్ప జరిగేదేమీ లేదు.

వంటింటి_వాణి
మూత్రం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మకు యూరిన్ కల్చర్ చేయించాం. ఈ-కోలై వచ్చింది. రిపోర్టులో మందుల పేర్లు, పక్కన అంకెలు. మెరోపెనెమ్ ≤0.25 ఎస్, నైట్రోఫ్యూరంటాయిన్ ≤16 ఎస్, సిప్రోఫ్లాక్సాసిన్ ≥4 ఆర్, సెఫ్ట్రయాక్సోన్ ≥64 ఆర్. అంకె ఎంత చిన్నదైతే మందు అంత గట్టిదని మా చెల్లెలి వాదన. డాక్టరమ్మ మాత్రం పదహారు ఉన్న నైట్రోఫ్యూరంటాయిన్ రాసింది. అమ్మకు జ్వరం లేదు, మంట ఉంది.

సూక్ష్మదర్శిని
డాక్టరమ్మ చేతికి బంగారు కడియం తొడగాలి.

ఆ అంకె ‘ఇంత మోతాదు ఉంటే ఈ క్రిమి పెరగడం ఆగుతుంది’ అని చెప్పేది. మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ప్రతి మందుకూ దాని గీత వేరు. నైట్రోఫ్యూరంటాయిన్‌కు 32 దాకా ఉన్నా పనిచేస్తుందనే లెక్క. అది మూత్రంలో బాగా చేరే మందు, పదహారు దానికి చిన్న అంకె. మెరోపెనెమ్‌కు గీత ఒకటి దగ్గర ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ నాలుగైతే చాలు, ఇక పనిచేయనట్టే. చూడవలసింది అంకె కాదు, పక్కనున్న అక్షరం. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే క్రిమి తట్టుకుంటుంది. ఎస్ ఉన్న వాటిలో ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరేది, నోటితో వేసుకునేది, తక్కువ రకాల క్రిములను చంపేది ఎంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది: ముందు వాడదగినవి, జాగ్రత్తగా వాడవలసినవి, ఆఖరికి దాచవలసినవి. నైట్రోఫ్యూరంటాయిన్ మొదటి గుంపులోది. సెఫ్ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ రెండో గుంపులోవి. మన జలుబు మాత్రది కూడా రెండో గుంపేనని గమనించండి.

అమ్మకు మంట లేకుండా, ఊరికే హెల్త్ ప్యాకేజీలో కల్చర్ పాజిటివ్ వచ్చి ఉంటే మందే అవసరం ఉండేది కాదు. పెద్దవయసు ఆడవాళ్లలో మూత్రంలో బాక్టీరియా ఉండడం మామూలు. గర్భిణులకు, మూత్రనాళానికి ఆపరేషన్ చేసేవాళ్లకు తప్ప, బాధ లేని బాక్టీరియాకు వైద్యం చేయకూడదు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గి ఉంటే నైట్రోఫ్యూరంటాయిన్ పనికిరాదు, క్రియాటినిన్ చూశారో లేదో డాక్టరమ్మను అడగండి.

వంటింటి_వాణి
చూశారండి, 0.9. ధన్యవాదాలు. చెల్లెలికి ఈ చర్చ పంపుతున్నాను.

ఎందుకలా
అందరూ మనుషుల మాత్రల గురించే మాట్లాడుతున్నారు. కోళ్లకు, చేపలకు, రొయ్యలకు బస్తాల్లో పోస్తున్న దాని సంగతో?

ఉండి_చెరువులు
బస్తాలు మీరు చూశారా అండీ? మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. మా మీద వేసే బండలు మోయడం అలవాటే కానీ, జరిగేది చెబుతాను.

వెన్నామీ రకం రొయ్యకు వచ్చే పెద్ద రోగాల్లో తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వస్తుంది. ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు, వేరే రకం పరాన్నజీవి. ఈ రెంటి మీదా ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. విబ్రియో ఒక్కటే బాక్టీరియా. అంటే చెరువులో మందు పోసినవాడు చాలాసార్లు డబ్బు నీళ్లలో పోసినట్టే. అయినా ఎందుకు పోస్తారు? రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంది, రొయ్య పేగు తెల్లబడుతుంది, ఒడ్డున నాలుగు చచ్చి కనిపిస్తాయి. ఎకరానికి లక్షలు పెట్టినవాడు ఆ రాత్రి నిద్రపోడు. అప్పుడు మందుల ఏజెంటు వచ్చి పేరు లేని డబ్బా ఇస్తాడు. పైన ‘గట్ ప్రోబయోటిక్’ అని ఉంటుంది, లోపల ఏముందో దేవుడికి తెలియాలి. పైన గ్రామవైద్యం గారు చెప్పిన కథే ఇది, రోగి రొయ్య అంతే తేడా.

మాకు పట్టుబడే భయం ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. యూరప్ వాళ్లు 2016 నుంచి మన చెరువు రొయ్యల కంటైనర్లలో సగాన్ని పరీక్షకు తీస్తున్నారు, అంతకు ముందు పదింటిలో ఒకటి. అందుకే చెరువులో రొయ్యలు పట్టడానికి ముందు నమూనా ల్యాబుకు వెళ్తుంది. ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబు కాగితం లేనిదే ఎగుమతి ప్లాంటు వాడు సరుకు ముట్టడు. నా బాధల్లా ఒకటే. బ్రసెల్స్‌లో తినేవాడి పళ్లెం కోసం ఇంత వెతుకుతారు, భీమవరం బజారులో తట్టలో అమ్మే రొయ్యను, చెరువు చేపను ఎవరు వెతుకుతున్నారు?

పక్క మాట ఒకటి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది మా భీమవరంలోనే. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు ఆయన నాయకత్వం వహిస్తున్నప్పుడే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, 1948లో లోకానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది, పైన మామయ్యను లేపిన డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. అదే లెడర్లీలో, అదే ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని కనిపెట్టారు. దాణాలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే పోయారు, ఆ తర్వాతది ఆయన చూడలేదు.

సూక్ష్మదర్శిని
ఉండి_చెరువులు గారు చెప్పినదానికి కొసరు. కొలిస్టిన్ అనే మందు మా ఐసీయూల్లో చిట్టచివరిది, మెరోపెనెమ్ కూడా పనిచేయనప్పుడు తీసేది. దాన్ని కోళ్ల దాణాలో ఎదుగుదల కోసం కలిపేవారు. 2015లో చైనాలో కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఒక బాక్టీరియా నుంచి ఇంకో బాక్టీరియాకు నేరుగా చేరుతోందని బయటపడింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో పశువులకు, కోళ్లకు, చేపలకు, దాణాకు దాని అమ్మకం, తయారీ నిషేధించింది. ఆ నిషేధం నా దృష్టిలో ఈ దేశంలో తీసుకున్న గట్టి నిర్ణయాల్లో ఒకటి.

మంజీరా_తీరం
మా పటాన్‌చెరు మాట రాకుండా ఈ చర్చ ముగిస్తారేమో అనుకున్నాను. మందులు మింగేవాళ్ల గురించి మాట్లాడారు, తయారుచేసేవాళ్ల మురుగు గురించి ఎవరూ ఎత్తలేదు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించి 2007లో ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరాలోకి. బాక్టీరియాకు రాత్రీ పగలూ ఆగని సిప్రో కోర్సు అది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయం. రాత్రి పదింటికి సూది వేసే ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. ఆ హద్దులు ఎవరు కొట్టేయించారో అడగడం కష్టం.

గ్రామవైద్యం
ఈ ఒక్క మాట కోసం ఇంతసేపు చదివాను.

పిల్లల_డాక్టర్
రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది మాఫీ చేయకండి. 2019లో ప్రపంచమంతా కలిపి మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. నవజాత శిశువుల వార్డులో ఆ లెక్క నాకు అంకెగా కనిపించదు. పుట్టిన మూడో రోజు బిడ్డకు క్లెబ్సియెల్లా వస్తే, దానికి ముందే అన్నీ తట్టుకునే శక్తి ఉంటే, ఆ బిడ్డ ఏ మాత్రా తప్పుగా మింగలేదు కదా.

లీడ్స్_నర్సమ్మ
‘జ్వరం తగ్గినా కోర్సు పూర్తి చేయాలి’ అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఇప్పుడు ఇక్కడ ‘అవసరమైనన్ని రోజులే, తక్కువైతే మేలు’ అంటున్నారు. దీని మీద మీ మాట ఏమిటి డాక్టరు గారూ?

పిల్లల_డాక్టర్
డాక్టరు రాసినన్ని రోజులు వాడండి, మీ అంతట మీరు ఆపకండి, పొడిగించకండి. డాక్టర్లం మాత్రం తక్కువ రోజులు రాయడం నేర్చుకోవాలి. మామూలు న్యుమోనియాకు ఐదు రోజులు చాలని అధ్యయనాలు చెబుతున్నా పది రోజులు రాసే అలవాటు పోలేదు. టీబీకి ఈ మాట వర్తించదు. అక్కడ నెల ముందు ఆపినా ముప్పే.

మండల_ల్యాబ్
చివరికి ల్యాబు వాడిని కూడా తిట్టండి. వైడాల్ కిట్ చవక, స్లైడు మీద ఒక చుక్క, ఐదు నిమిషాల్లో రిపోర్టు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి చేస్తున్నాం. సూక్ష్మదర్శిని గారూ, మా ల్యాబుకు రోజూ సాయంత్రం జిల్లా కేంద్రం నుంచి నమూనాల బండి వస్తుంది. కల్చర్‌కు రక్తం ఇక్కడే తీసి పంపవచ్చా? పాడవుతుందని ఎవరో అన్నారు. ఫ్రిజ్‌లో పెట్టాలా?

సూక్ష్మదర్శిని
ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి! చల్లబడితే కొన్ని క్రిములు చచ్చిపోతాయి. గది వేడిలోనే ఉంచి, అదే సాయంత్రం బండిలో పంపేయండి.

కల్చర్ సీసాలు జిల్లా ల్యాబు వాళ్లే ఇస్తారు, అడగండి. గడువు తేదీ, అడుగున రంగు మారలేదని చూసుకోండి. పెద్దవాళ్లకు సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, వీలైతే రెండు సీసాలు, రెండు చేతుల నుంచి. వైడాల్‌కు తీసినట్టు రెండు మిల్లీలీటర్లు తీస్తే టైఫాయిడ్ క్రిమి దొరకదు, రక్తంలో అది చాలా పలచగా ఉంటుంది. చర్మం స్పిరిటుతో తుడిచి ఆరేదాకా ఆగండి, ఆరకముందే గుచ్చకండి, తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకండి. సీసా మూత మీది రబ్బరు కూడా తుడవాలి. చీటీ మీద రోగి పేరుతో పాటు ‘ఇంతకు ముందు యాంటీబయాటిక్ వేశారా, ఏది, ఎప్పుడు’ అని ఒక గడి పెట్టుకోండి.

గ్రామవైద్యం
మా పక్క ల్యాబులో కూడా ఈ సీసాలు పెట్టిస్తాను. రాత్రి వచ్చిన వాళ్ల సంగతి?

సూక్ష్మదర్శిని
మలేరియా కార్డు పరీక్ష అక్కడికక్కడే చేయించండి. ఒళ్లంతా మచ్చ కోసం చూడండి, మొలతాడు కూడా పక్కకు జరిపి. ఆయాసం, మగత, మూత్రం రాకపోవడం ఉంటే 108కి ఫోను చేయండి, సూది కోసం ఆగకండి. ఇవేవీ లేకపోతే ఆ రాత్రికి పారాసిటమాల్, నీళ్లు చాలు. పొద్దున రక్తం తీసి, రోగిని డాక్టరు దగ్గరికి పంపండి. యాంటీబయాటిక్ అవసరమా కాదా అక్కడ తేలుస్తారు.

మండల_ల్యాబ్
పొద్దున ఏడింటికే తెరుస్తాం. పంపండి.